గోడ అవతల విన్న సినిమాలు

విశాఖపట్నంలో మన బడి నుంచి మా ఇంటికి నడక పదిహేను నిమిషాలు. కురుపాం మార్కెట్ దగ్గర మెయిన్ రోడ్డు ఎక్కి, పూర్ణా మార్కెట్ దాటితే మా వీధి వచ్చేస్తుంది. ఆ పదిహేను నిమిషాల దారికి నాకు గంటన్నర పట్టేది. అమ్మ గుమ్మంలోనే నిలబడి ఉండేది. మన బడి పాత విద్యార్థుల కలయిక సంచికకి ఏదైనా రాయమని మనవాళ్ళు అడగగానే నాకు ఆ గంటన్నరే గుర్తొచ్చింది.

మొదటి మజిలీ వెండి పనివాళ్ళ దగ్గర. కురుపాం మార్కెట్ సందుల్లో అరుగుల మీద కూర్చుని, ఊదుగొట్టంతో మంట ఊదుతూ పట్టీలకి ఒక్కో మువ్వా అతికేవాళ్ళు. పని అయ్యాక పట్టీని చెవి దగ్గర పెట్టుకుని ఆడించి చూసేవాళ్ళు. అన్ని మువ్వలూ మోగితేనే పక్కన పెట్టేవాళ్ళు. ఆ శ్రద్ధ చూస్తుంటే కదలబుద్ధి అయ్యేది కాదు.

మార్గశిర మాసం గురువారాల్లో ఆ దారి మనది కాదు, బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారిది. బుధవారం అర్ధరాత్రి నుంచే బారులు తీరేవాళ్ళు. అమ్మవారికి పైకప్పు లేదు, ఎవరి చేత్తో వాళ్ళే పసుపు కుంకుమలు పెట్టుకోవచ్చు. రోడ్డు పొడుగునా పసుపు కొమ్ములు, గాజులు, కొబ్బరికాయలు. ఒక్కోసారి తప్పెటగుళ్ళ వాళ్ళు గుండెల మీద రేకు తప్పెట్లు వాయిస్తూ ఎగిరేవాళ్ళు. ఆ దరువు రాత్రి పడుకున్నాక కూడా చెవుల్లో మోగేది.

అసలు సంగతి సినిమా హాలు. రిక్షాకి రెండు పక్కలా పోస్టర్లు కట్టి, మైకులో ‘నేడే చూడండి’ అంటూ రంగు కాయితాలు విసురుకుంటూ పోయేవాళ్ళు. మేం ఆ కాయితాల కోసం వెంటపడేవాళ్ళం. కాయితం ఉచితం, టికెట్టు కాదు. నేల టికెట్టుకైనా ఇంట్లో పండక్కే డబ్బులిచ్చేవారు. అందుకని పూర్ణా హాలు పక్క సందులో గోడకి ఆనుకుని నిలబడేవాళ్ళం. పైన కిటికీల్లోంచి మాటలు, పాటలు, కత్తుల చప్పుడు అన్నీ వినపడేవి. పిడత కింద పప్పు ఒక పొట్లం కొని ముగ్గురం పంచుకునేవాళ్ళం.

చిక్కల్లా ఒకటే. బడి వదిలేసరికి మాట్నీలో ఇంటర్వెల్ అయిపోయేది. అలా మేం విన్నవన్నీ రెండో సగాలే. ఆ తల్లి ఎందుకు ఏడుస్తోందో, ఆ అన్నదమ్ములు ఎప్పుడు విడిపోయారో తెలిసేది కాదు. అప్పుడు నా పక్క బెంచీ వాడు మొదటి సగం చెప్పేవాడు. పావలా పెట్టి పాటల పుస్తకం కొని, అందులో ఉన్న నాలుగు వాక్యాల కథ పట్టుకుని మిగతాదంతా అల్లేసేవాడు. వరద వచ్చేది, రైలు పట్టాలు తప్పేది, పసిపిల్లాడు తిరనాళ్ళలో తప్పిపోయేవాడు. పూర్ణా మార్కెట్ పూల దుకాణాల దగ్గర మొదలుపెడితే మా వీధి చివర ముగించేవాడు. వాడి కథ అయ్యేదాకా నేను ఇంటికి వెళ్ళలేదు. అమ్మకి ఈ మాట ఎప్పుడూ చెప్పలేదు.

1978లో జగదాంబ సినిమా హాలు వచ్చింది. 70 ఎంఎం తెరట, ఊరంతా అదే మాట. తర్వాత ఆ కూడలికే ఆ పేరు స్థిరపడిపోయింది. మేం ముగ్గురం ఒక సాయంత్రం అక్కడిదాకా నడిచి వెళ్ళి, అలవాటుగా గోడ పక్కన నిలబడ్డాం. ఎంతసేపు చెవులు రిక్కించినా ఆటోల మోత తప్ప ఒక్క మాట వినపడలేదు. ఆ పక్క బెంచీ వాడు గోడకి చెయ్యి ఆనించి చూసి, ‘పదండ్రా’ అన్నాడు. దారంతా ఏ కథా చెప్పలేదు.

ఈసారి కలయికకి వాడు వస్తున్నాడని తెలిసింది. ఆ సినిమాల్లో చాలావాటిని నేను ఇప్పటికీ చూడలేదు, వాడు చెప్పిన మొదటి సగాలే నాకు తెలుసు. భోజనాలయ్యాక వాణ్ణి పక్కకి తీసుకెళ్ళి, రైలు పట్టాలు తప్పిన కథ మళ్ళీ చెప్పించుకోవాలి.