బండుకు ఏ పక్క నీళ్లు?

కేరళలోని కొట్టాయంలో రైలు దిగి చేర్తల బస్సెక్కితే, కుమరకం దాటాక రోడ్డు తణ్ణీర్‌ముక్కం బండు మీదుగా పోతుంది. వేంబనాడ్ కాయలుకు (సముద్రంతో కలిసే పెద్ద సరస్సుకు) అడ్డంగా, షట్టర్లతో కట్టిన ఈ కట్ట 1976 నుంచి ఉంది. కుట్టనాడు వరిచేలలోకి ఉప్పునీరు ఎక్కకుండా సాధారణంగా డిసెంబరు మధ్యలో షట్టర్లు దించుతారు. నేను కావాలనే జనవరి చివర్లో వెళ్లాను. అప్పుడైతే ఒకే రోడ్డుకు అటూ ఇటూ రెండు రకాల నీళ్లుంటాయి. ఇంట్లో తొట్టిలో పెంచడానికి నాకు కావలసిన చేప పల్లత్తి. ఆక్వేరియం వాళ్లు ఆరెంజ్ క్రోమైడ్ అంటారు. అది రెండు పక్కలా బతుకుతుంది.

రెండు పక్కలా బతుకుతుంది కదా, ఏ నీళ్లలో వేస్తేనేం అనుకోవడంతోనే చాలా చేపలు పోతాయి. అది ఉప్పు మార్పుకు తట్టుకుంటుంది గానీ, ఆ మార్పు రోజుల మీద జరగాలి. అందుకే వల ముట్టుకోకముందే నీళ్లు కొలిచాను. ఉత్తరం పక్క లీటరుకు 7 గ్రాముల ఉప్పు, పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాల కొలత) 7.6, వేడి 28 డిగ్రీలు. దక్షిణం పక్క ఉప్పు 1 గ్రాము లోపే, పీహెచ్ 6.8. హైదరాబాద్‌లో మా బోరు నీళ్లు గట్టివి, అంటే సున్నం లాంటి ఖనిజాలు ఎక్కువ. వాటిలో సముద్రపు ఆక్వేరియం ఉప్పు కలిపితే ఉత్తరం నీళ్లకు దగ్గరవుతాయి. దక్షిణం నీళ్లు కావాలంటే ఆర్‌ఓ నీళ్లు మోసుకోవాలి. కాబట్టి ఉత్తరమే.

పడవల దగ్గర పల్లత్తి బతికున్నదే అమ్ముతారు, వేపుడుకి. కానీ విసురువలలో పడ్డ చేపకు పొలుసులు రాలతాయి, ఒంటి మీది జిగురు పోతుంది, రెండు మూడు రోజుల్లో బూజు పడుతుంది. అందుకని పడవాయనను అడిగి ఒక పిల్లకాలువలో రాతిగోడ వారకు వెళ్లాం. ఉడికిన మెతుకులు నాలుగు చల్లి, మెత్తటి చేతివలతో 4 సెంటీమీటర్లవి ఎనిమిది పట్టాను. పైకి చూసి ఆడా మగా చెప్పలేం. ఆరు నుంచి ఎనిమిది కలిపి పెంచితే జతలు అవే కడతాయి.

ఒక రోజంతా బకెట్లో తిండి లేకుండా ఉంచి, కొట్టాయంలో ఒక ఆక్వేరియం దుకాణంలో ఆక్సిజన్ నింపించాను. సంచిలో మూడో వంతు నీళ్లు, మిగతాది ఆక్సిజన్. సంచికి రెండే చేపలు. పల్లత్తి రెక్కల ముళ్లు ప్లాస్టిక్‌ను పొడుస్తాయి. సంచిలో సంచి పెట్టి, మధ్యలో వార్తాపత్రిక పరిచి, మూలలకు రబ్బరు బ్యాండ్లు వేసి థర్మోకోల్ పెట్టెలో సర్దాలి.

ఇంటికొచ్చాక అసలు గండం. దారిలో చేపలు వదిలిన కార్బన్ డయాక్సైడ్ వల్ల సంచిలో పీహెచ్ తగ్గుతుంది, అవే విసర్జించిన అమ్మోనియా విషం కాకుండా అణగి ఉంటుంది. మూత విప్పగానే ఆ వాయువు పోయి పీహెచ్ పెరుగుతుంది, అదే అమ్మోనియా మొప్పలను కాలుస్తుంది. గంటల తరబడి బొట్టు బొట్టుగా నీళ్లు కలిపేది ఇలాంటప్పుడు కాదు. తొట్టిలో ఉప్పు, పీహెచ్ ముందే చేపలను పట్టిన చోటి నీళ్లకు సమానంగా సిద్ధం చేసుకోవాలి. సంచిని 20 నిమిషాలు తేలేసి, విప్పగానే చేపలను మాత్రం వలతో దించాలి. సంచి నీళ్లు పారబోయాలి.

నాలుగు వారాలు విడి తొట్టి. అడవి చేప మొప్పల్లో పురుగులు ఉంటాయనుకునే మొదలుపెట్టాలి: ప్రాజిక్వాంటెల్ అనే పురుగుల మందు లీటరుకు 2.5 మిల్లీగ్రాములు, వారానికి మళ్లీ ఒకసారి, గాలి బాగా పెట్టి. మొదట్లో చేపలు మేత గుళికలు ముట్టవు. దోమపిల్లలు, ఆర్టీమియా (ఉప్పునీళ్లలో బతికే, రొయ్య లాంటి చిన్న జీవి) ఇస్తూ నెమ్మదిగా స్పిరులినా (నాచు) గుళికలు కలపాలి.

అసలు తొట్టి 3 అడుగులది చాలు. సన్నటి ఇసుక, పలకరాళ్లు, బోర్లించిన మట్టికుండ, స్పాంజి ఫిల్టరు. వంటింటి ఉప్పు పనికిరాదు, అందులో కాల్షియం, మెగ్నీషియం సరిపడా ఉండవు. సముద్రపు ఆక్వేరియం ఉప్పే వాడాలి. ఆవిరై తగ్గిన నీళ్లను మంచినీళ్లతోనే నింపాలి. నీళ్లు ఆవిరవుతాయి, ఉప్పు కాదు. ఇక్కడ పొరబడి ఉప్పునీళ్లు పోస్తూ పోతే నెలలో ఉప్పదనం బాగా పెరిగిపోతుంది.

జత కట్టినవాటికి పొట్ట కింద నలుపెక్కుతుంది, రెండూ రాయిని నోటితో శుభ్రం చేస్తాయి. అప్పుడే మిగతా ఆరింటినీ తీసేయాలి, లేకపోతే గుడ్లు మిగలవు. రెండు వందల దాకా గుడ్లు చిన్న కాడలతో రాయికి అంటుకుని ఉంటాయి. నాలుగైదు రోజుల్లో పొదిగాక పిల్లలను ఇసుక గుంటల్లోకి మారుస్తాయి. మొదటి ఈతను తినేస్తే కంగారు పడొద్దు, కొత్త జతలకు అది మామూలే.

పిల్లలను తల్లిదండ్రుల నుంచి వెంటనే విడదీయకూడదు. అవి పెద్దచేపల ఒంటి జిగురును కొరుక్కు తింటాయి. దాంతోపాటు రోజుకు మూడుసార్లు అప్పుడే పొదిగిన ఆర్టీమియా ఇవ్వాలి: లీటరు నీళ్లకు 25 గ్రాముల ఉప్పు, ఒక గ్రాము గుడ్లు, 28 డిగ్రీలు, వెలుతురు, గట్టిగా గాలి, 24 నుంచి 30 గంటల్లో సిద్ధం. తొట్టిలో ఉప్పు ఉంది కాబట్టి అవి మంచినీళ్లలో కంటే ఎక్కువసేపు బతికి ఉంటాయి, పిల్లలకు అందుతాయి.

పెద్దవి మళ్లీ రాయి తుడవడం మొదలుపెట్టి పిల్లలను తరిమితే, పిల్లలను వేరే తొట్టిలోకి మార్చే వేళైనట్టే. ఆ తొట్టిలోనూ లీటరుకు 7 గ్రాములే.