నడుం విరిగిన సైనికుడు

అటక మీద డబ్బాలోంచి జీ.ఐ. జో అనే అమెరికన్ సైనికుడి బొమ్మని అలా చేతిలోకి తీసుకున్నానో లేదో, నడుం దగ్గర ఊడి కాళ్లు ఒళ్లో పడ్డాయి.

లోపలి నల్ల రబ్బరు రింగు పుటుక్కుమంది. 1982లో మొదలైన ఆ మూడు ముప్పావు అంగుళాల బొమ్మల్లో ఒంటినీ కాళ్లనీ కలిపి పట్టుకునేది ఆ ఒక్క రింగే.

కుడిచేతి బొటనవేలు ఎప్పుడో పోయింది. తుపాకీ బలవంతంగా ఇరికించింది నేనే. తమ్ముడు విరిచాడని ఏడ్చి, వాణ్ణి తిట్టించాను కూడా. (ఒరేయ్, ఇది చదువుతున్నావా? సారీరా.)

బొమ్మ వచ్చిన అట్ట వెనక ఉండే ఫైల్ కార్డు, అంటే ఆ సైనికుడి పరిచయం, కత్తిరించి దాచుకునేవాళ్లం. మారుపేరు, హోదా, ఏ విద్యలో దిట్టో... ఎక్కాలకంటే అవే ముందు కంఠతా వచ్చాయి.

వీపు మీది స్క్రూ విప్పి కొత్త రింగు వేస్తే లేచి నిలబడతాడు. బొటనవేలే, ఇక రాదు.