పేరు అడగకూడని చోట

“ఏం జరిగిందో చెప్పమని దాన్ని అడగండి. ఎవరు చేశారని మాత్రం అడగవద్దు.” హాంబర్గ్‌లోని మా ఆఫీసులో, ఉద్యోగుల మండలి (ఉద్యోగులు ఎన్నుకున్న ప్రతినిధుల బృందం) తరఫున కూర్చున్న ఒక పెద్దావిడ, నేను పెట్టిన ఏఐ అసిస్టెంట్ గురించి అందరి ముందూ నాతో అన్న మాట ఇది. ఆవిడ గొంతు పెంచలేదు, ముఖం చిట్లించుకోలేదు. అయినా ఆ మాట నాకు ఇప్పటికీ పూర్తిగా మింగుడు పడలేదు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

మాది సరకు రవాణా సంస్థ. గోదాముల నుంచి రాత్రంతా వచ్చే నిల్వల లెక్కలు తెల్లవారేసరికి రిపోర్టుల్లో కనిపించాలి. ఆ పనులన్నింటినీ వరుసలో నడిపేది ఎయిర్‌ఫ్లో అనే సాఫ్ట్‌వేర్. ఇది 2014లో ఎయిర్‌బీఎన్‌బీలో మొదలై, 2019లో అపాచీ ఫౌండేషన్‌లో పూర్తిస్థాయి ప్రాజెక్టు అయింది. ఏదైనా టాస్క్ ఫెయిలైతే ఎయిర్‌ఫ్లో దాన్ని ఎర్రగా చూపిస్తుంది, కానీ కారణం తెలియాలంటే మనిషి లాగ్ (టాస్క్ నడిచినప్పుడు నమోదైన వివరాలు) తెరిచి చదవాలి, నిన్నటి లాగ్‌తో పోల్చాలి, ఆ సమయంలో సర్వర్ మెమరీ ఎలా ఉందో, అలాంటి కొలతలను గ్రాఫులుగా చూపే గ్రఫానాలో చూడాలి, ఈమధ్య కోడ్‌లో ఏం మారిందో, కోడ్ మార్పులన్నీ నమోదయ్యే గిట్‌లో వెతకాలి. ఈ వెతుకులాటను ఏఐ అసిస్టెంట్‌కు అప్పగించే పని నాకు ఇచ్చారు. ఆంత్రోపిక్ సంస్థ 2024 నవంబరులో అసిస్టెంట్లను టూళ్లతో కలిపే ఉమ్మడి పద్ధతి అయిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ (ఎంసీపీ)ను అందరికీ అందుబాటులో పెట్టాక ఈ పని చాలా తేలికైంది. అంతకు ముందు ప్రతి అసిస్టెంట్‌కూ ప్రతి టూల్‌కూ మధ్య విడివిడిగా కోడ్ రాసుకోవలసి వచ్చేది. ఇప్పుడు ఎయిర్‌ఫ్లో ముందు చిన్న ఎంసీపీ సర్వర్ ఒకటి నిలబెట్టి, ఫెయిలైన రన్‌ల జాబితా తేవడం, లాగ్ చదవడం వంటి పనులను వివరణలతో సహా అందులో పెడితే, దేన్ని ఎప్పుడు పిలవాలో అసిస్టెంటే చూసుకుంటుంది. దానికి వ్యూయర్ అనుమతి మాత్రమే ఉన్న ఖాతా ఇచ్చాను. అంటే అది చదవగలదు, కానీ దేన్నీ మళ్లీ నడపలేదు, ఆపలేదు.

డెమోలో అది చక్కగా పనిచేసింది. రాత్రి నిల్వల లోడ్ ఎందుకు ఆగిందని అడిగితే, లాగ్ చదివి, పరిమాణం ఉండవలసిన కాలమ్‌లో 12.5కు బదులు 12,5 అని కామాతో వచ్చిన విలువ దగ్గర లోడ్ ఆగిందనీ, విలువ అదే కాబట్టి ఎన్ని రీట్రైలు చేసినా ఫలితం మారలేదనీ చెప్పింది. జర్మనీలో దశాంశానికి కామా పెడతారు, ఆ ఫైలు అదే పద్ధతిలో వచ్చింది. నేను వెంటనే, ఆ ఫైలు ఫార్మాట్‌ను ఎవరు మార్చారని అడిగాను. అది గిట్ చూసి పేరు, సమయం చెప్పింది. ఆవిడ నన్ను ఆపింది అక్కడే.

ఆవిడ మాట వెనుక చట్టం ఉంది. ఉద్యోగుల ప్రవర్తనను గానీ పనితీరును గానీ గమనించే సాంకేతిక పరికరాన్ని పెట్టాలంటే ఉద్యోగుల మండలి అంగీకారం ఉండాలని 1972 నాటి జర్మన్ చట్టం 87వ సెక్షన్ చెబుతుంది. యాజమాన్యానికి అలా గమనించే ఉద్దేశం లేకపోయినా, పరికరానికి ఆ శక్తి ఉంటే చాలునని అక్కడి కోర్టులు అర్థం చెప్పాయి. కృత్రిమ మేధ విషయంలో మండలి నిపుణుణ్ణి పిలిపించుకునే హక్కును 2021 సవరణ మరింత బలపరిచింది. మండలితో రాతపూర్వక ఒప్పందం కుదిరేదాకా నా పని అలాగే నిలిచిపోయింది.

నా బాధ ఆలస్యం గురించి కాదు. నేను పేరు అడిగింది తప్పు పట్టడానికన్నట్టు అక్కడున్న వాళ్లంతా అనుకోవడం గురించి. మాదాపూర్‌లో పనిచేసిన రోజుల్లో లోడ్ ఆగితే మేము మొదట వెతికేది మనిషినే. “అన్నా, ఈ జాబ్ మీరు రాసిందే కదా, కాస్త చూస్తారా” అని ఫోన్ చేస్తే, అన్నం తింటూనే, “నెలాఖరున ఆ టేబుల్ ఆలస్యంగా వస్తుందమ్మా, అరగంట ఆగి నడపండి” అనేవారు. ఆ మాట ఏ లాగ్‌లోనూ లేదు. ఎవరికీ తోచని ఆ కారణం ఆయన దగ్గరే ఉంది, ఆయన పేరు తెలిస్తేనే అది మాకు అందేది. రాత్రి పూట ఫోన్ చేసినందుకు ఆయన ఏనాడూ విసుక్కోలేదు, చేయకపోతేనే చిన్నబుచ్చుకునేవారు. ఎయిర్‌ఫ్లోలో సైతం ప్రతి డ్యాగ్‌కూ, అంటే ప్రతి టాస్కుల వరుసకూ, ఓనర్ అని ఒక గడి ఉంటుంది. ఆ పరికరాన్ని తయారు చేసినవాళ్లకే పేరు అవసరమనిపించినప్పుడు, నేను అడగడం నేరమెలా అవుతుందని ఆ రోజంతా మథనపడ్డాను.

అయితే అదే మాదాపూర్‌లో, లోడ్ ఆగిన మరుసటి ఉదయం ఒక జూనియర్ అమ్మాయి పేరు రాసిన మెయిల్ పై అధికారులందరికీ కాపీలతో వెళ్లింది. ఏడాది చివరి మదింపులో ఆ మెయిల్ మళ్లీ బయటికి వచ్చింది. ఆ పేరును ఎవరో కూర్చుని, వెతికి, రాయవలసి వచ్చింది కాబట్టి అలాంటివి అప్పుడప్పుడే జరిగేవి. నేను పెట్టిన అసిస్టెంట్‌ను మాత్రం ఏ మేనేజరైనా, “ఈ ఏడాది ఎక్కువ ఫెయిల్యూర్లు ఎవరి కోడ్ వల్ల వచ్చాయి” అని ఒక్క వాక్యంలో అడగవచ్చు. ఎవరికీ చెప్పకుండా, అలసట లేకుండా, క్షణాల్లో పట్టిక తయారై వస్తుంది. ఆ పెద్దావిడ భయపడింది నా ప్రశ్నకు కాదు, దీనికే. ఆ సంగతి ఒప్పుకోవడానికి నాకు అభ్యంతరం లేదు.

చివరికి ఒప్పందంలో రాసుకున్నది ఇదీ: ఎంసీపీ సర్వరే పేర్లను తీసేసి సమాచారం ఇస్తుంది. ఎయిర్‌ఫ్లో ఆడిట్ లాగ్‌లోని యూజర్ పేరు, గిట్‌లోని రచయిత పేరు అసిస్టెంట్ దాకా చేరవు, ఓనర్ గడిలో బృందం పేరే ఉంటుంది. అడిగితే పేరు చెప్పవద్దని అసిస్టెంట్‌కు ఆదేశం ఇస్తే సరిపోదా అని ఒకరన్నారు. సరిపోదు. మోడల్ చేతికి అందిన సమాచారం మరో రకంగా అడిగితే బయటికి రావచ్చు. లాగ్‌లలో కస్టమర్ల చిరునామాలు కూడా అచ్చవుతుంటాయి కనుక అదే జల్లెడను వాటికీ పెట్టాను. ఈ భాగం నాకు నిజంగా నచ్చింది. ఇంత జాగ్రత్తగా కట్టిన సర్వర్‌ను అంతకు ముందు నేను ఎక్కడా చూడలేదు.

కానీ మా అన్న చెప్పిన నెలాఖరు మాట సంగతి మిగిలిపోయింది. ఎయిర్‌ఫ్లోలో ప్రతి డ్యాగ్‌కూ వివరణ రాసుకునే చోటు ఉంది, దాన్ని దాదాపు ఎవరూ నింపరు. ఫెయిల్యూర్ వచ్చినప్పుడు అసిస్టెంట్ మొదట అదే చదివేటట్టు మార్చి, తమకు మాత్రమే తెలిసిన విషయాలను అందులో రాయమని సహోద్యోగులను కోరాను. జర్మన్లు పద్ధతిగా రాస్తారు, రాశారు కూడా, కానీ మాన్యువల్‌లో ఉన్నదే రాశారు. మనిషిని నేరుగా అడిగితే వచ్చే జవాబు అలా ఖాళీ గడి ముందు కూర్చోబెడితే రాదు. అందుకే వచ్చే సమావేశంలో మండలిని ఒకటి అడగబోతున్నాను: ఇష్టమున్నవాళ్లు ఆ వివరణ కింద తమ పేరు, తమను పలకరించగల వేళలు తామే రాసుకునేందుకు, వద్దనుకున్న రోజు తామే తీసేసుకునేందుకు వీలు కల్పించాలి. మొదటి పేరు నాదే రాస్తానని కూడా చెబుతాను.