ఈ కార్లో నెల్లూరు రానన్నాడు

"ఈ కార్లో నేను నెల్లూరు రాను" అన్నాడు మావాడు, సంక్రాంతి దగ్గర పడుతుంటే. నా చెవికెక్కింది "నెల్లూరు రాను" ఒక్కటే. ఇక అందుకున్నాను. అమ్మమ్మ నీకోసం అరిసెలు వండుకుని కూర్చుంటుంది, బెంగళూరులో పుట్టినంత మాత్రాన సొంతూరు లేకుండా పోతుందా, రేపు మేం పోయాక ఆ గడప తొక్కేదెవరు... ఈ ప్రసంగం నా దగ్గర ఎప్పుడూ రెడీగా ఉంటుంది. ఎక్కడ ఆపాలో మాత్రం తెలీదు. వాడు ఓపిగ్గా అంతా విని, "ఊరికి రానన్లేదమ్మా, ఈ కార్లో రానన్నా. లాంగ్ టర్మ్ ట్రిమ్ ప్లస్ 18 ఉంది. నేను బస్సులో వస్తా" అన్నాడు. ఇంజిన్‌లో పెట్రోలు లెక్క తప్పిందని దానర్థమట.

బస్సు మాట వినేసరికి నాకు ఇంకా మండింది. పండక్కి కొడుకు కారు తోలుతుంటే నేను ముందు సీట్లో కూర్చుని వీధిలో దిగాలి. నలుగురూ చూడాలి. సంప్రదాయం అంటూ నేను గొంతు చించుకునేదాంట్లో ఈ సరదా వాటా ఎంతో నాకు తెలుసు, వాడికీ తెలుసు.

కారు నిజానికి మా ఆయనది. టర్బో పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. ఆయన కొత్తది కొనుక్కున్నాక పాతది వీడి పాలబడింది. ఇంజినీరింగ్ రెండో ఏడు చదువుతున్నాడు గానీ, మార్కులు చూస్తే కారు ఒక్కటే చదువుతున్నట్టుంది. స్టేజ్ 1 రీమ్యాప్ చేయించాడు, అంటే పవర్ పెరిగేలా ఇంజిన్ కంప్యూటర్‌లో లెక్కలు మార్పించాడు, ఎయిర్ ఫిల్టర్ మార్చాడు, యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా బుస్సుమనే బ్లో-ఆఫ్ వాల్వ్ ఒకటి పెట్టించాడు. నేను బ్యాంకు ఉద్యోగిని, రూల్సు నాలిక చివర ఉంటాయి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ మార్చడానికి వీల్లేదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, అన్నీ భోజనాల దగ్గర వల్లించాను. రీమ్యాప్‌కు డబ్బు వెళ్ళింది మాత్రం నా ఫోన్లోంచే. నాన్నకు చెప్పొద్దురా అన్నదీ నేనే.

అసలు నా కడుపుమంట కారు మీద కాదు, గ్యారేజీ మీద. జేసీ రోడ్డు పక్క సందులో ఉంటుంది. దాని ఓనర్ మండ్య వైపు మనిషి. వీడికి ఆయన "అణ్ణా". ఇంట్లో నేను ఒకే మాట రెండోసారి అంటే "సుమ్నిరమ్మా" (ఊరుకోమ్మా) అని కన్నడంలో విసుక్కునేవాడు, అక్కడ ఆయన క్లాంపు మళ్ళీ చూడమన్న ప్రతిసారీ వంగి చూస్తాడు. వరలక్ష్మీ వ్రతం రోజు పీట కాస్త జరపరా అంటే ఫోన్లోంచి తల ఎత్తడు. అదే ఆయుధ పూజ రోజు గ్యారేజీలో స్పానర్లన్నీ కడిగి, తుడిచి, వరసగా పేర్చి బొట్లు పెట్టాడట. బూడిద గుమ్మడికాయ కూడా వీడే కొట్టాడట. ఫోటో చూపించాడు. నుదుటి మీద ఇంత కుంకుమ! బాగుందిరా అన్నాను. రాత్రంతా నిద్ర పట్టలేదు.

సరే, ట్రిమ్ సంగతి. చెక్ ఇంజిన్ లైటు వెలిగింది, స్కానర్ పెడితే పీ0171 అని కోడ్ వచ్చింది, అంటే మిశ్రమం లీన్, గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ. "లైటు తీసేయించరా, పండగయ్యాక చూద్దాం" అన్నాను. మా పుట్టింట్లో అన్నిటికీ ఇదే మందు. పొలం పంపకాల గొడవ కూడా పండగయ్యాక, పండగయ్యాక అంటూనే ఇంతదాకా వచ్చింది. వీడు ససేమిరా అన్నాడు. "కోడ్ చెరిపేస్తే లైటు ఆరుతుంది, లోపం ఎక్కడికీ పోదు. పైగా ఇంజిన్ నేర్చుకున్న లెక్కంతా పోతుంది. కోడ్ పడినప్పుడు ఆర్‌పీఎం ఎంత, లోడ్ ఎంత, వేడి ఎంత అని దాచుకున్న ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతుంది. ఇక దేన్ని పట్టుకుని వెతకాలి?"

ఆ లెక్కేంటో తెలుసుకుందామని కూర్చున్నాను. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా కాలడానికి 14.7 గ్రాముల గాలి కావాలి. లోపలికి వెళ్ళే గాలిని మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్ కొలుస్తుంది, ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, దానికి తగ్గ పెట్రోలు చిమ్మిస్తుంది. కాలిన పొగలో ఆక్సిజన్ మిగిలిందా లేదా అని సైలెన్సర్ దారిలోని సెన్సర్ చెబుతుంది. మిగిలితే ఇంకాస్త పెట్రోలు, లేకపోతే కాస్త తక్కువ. పులుసు ఉడుకుతుంటే రుచి చూసి అప్పటికప్పుడు చిటికెడు ఉప్పు వేయడం షార్ట్ టర్మ్ ట్రిమ్. ఈ ఉప్పు చాలడంలేదని అలవాటయ్యి రోజూ మొదట్లోనే ఎక్కువ వేయడం లాంగ్ టర్మ్ ట్రిమ్. ప్లస్ అంటే పెట్రోలు కలుపుతోంది, మైనస్ అంటే కోస్తోంది. అటూ ఇటూ 5 శాతం మామూలే, 10 దాకా గ్యారేజీవాళ్ళు పెద్దగా పట్టించుకోరు. 18 అంటే లెక్కకు రాని గాలి ఎక్కడినుంచో దూరుతోంది, లేదా అడిగినంత పెట్రోలు అందడం లేదు.

"పంపు వీక్ అయ్యి పెట్రోలు అందకపోతే లోడ్ పెరిగేకొద్దీ లీన్ అవుతుంది. తిరుగు ప్రయాణంలో నలుగురు మనుషులు, డిక్కీ నిండా బియ్యం, మొగిలి ఘాట్ ఎక్కాలి. బూస్ట్‌లో, అంటే టర్బో గాలిని నొక్కి తోస్తున్నప్పుడు, లీన్ అయితే పిస్టన్లు పోతాయమ్మా" అన్నాడు. డిక్కీలో బియ్యం మూటల సంగతి వాడికి గుర్తుంది! నాకు కాస్త సంతోషమేసింది.

ఒక ఆదివారం పొద్దున నైస్ రోడ్డు మీదకు తీసుకెళ్ళాడు. వాడు తోలుతుంటే నేను పక్క సీట్లో ఫోన్ పట్టుకుని స్కానర్ చూపించే అంకెలు చదవాలి. నాకు ఇచ్చిన డ్యూటీ అంతే. సలహాలు ఇవ్వకూడదు. బండి నిలబడి ఐడిల్‌లో ఉన్నప్పుడు లాంగ్ ప్లస్ 18, షార్ట్ ప్లస్ 3. రేజ్ చేసి 2500 ఆర్‌పీఎం దగ్గర నిలబెడితే లాంగ్ ప్లస్ 4. కొంచెం బూస్ట్ ఎక్కించినప్పుడు మైనస్ 6. నేను మైనస్ అనగానే, అయితే పంపు తప్పు కాదని వాడు స్టీరింగు మీద చేత్తో కొట్టి నవ్వాడు. ఇంట్లో వాడలా నవ్వి ఎన్నాళ్ళయిందో.

ఉండబట్టలేక రెండు సలహాలు ఇచ్చాను. బెంగళూరు 900 మీటర్ల ఎత్తున ఉంది కదా, గాలి పలచన కదా అన్నాను. ఆ సెన్సర్ కొలిచేది గాలి బరువు, ఎత్తు మారినా లెక్క తప్పదన్నాడు. అయితే పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలుపుతున్నారుగా అన్నాను. అది మంచి ప్రశ్నేనట. ఆ పెట్రోలుకు గ్రాముకు దాదాపు 13.5 గ్రాముల గాలే చాలు, కాబట్టి ఈసీయూ ఎక్కువ పెట్రోలు కలపాల్సిందే. "కానీ అదైతే ఐడిల్‌లోనూ హైవే మీదా ఒకేలా పెరగాలి కదమ్మా" అన్నాడు. మంచి ప్రశ్న అన్నాడు చూడండి, ఆ ముక్క మా ఆయనకు ఫోన్ చేసి మరీ చెప్పాను.

రీమ్యాప్ చేసినవాళ్ళు ల్యాప్‌టాప్‌లో గాలి టేబుల్ కాస్త మార్చేస్తే ట్రిమ్ సున్నాకు వచ్చేస్తుందన్నారు. వీడు ఒప్పుకోలేదు, అణ్ణ అసలే ఒప్పుకోలేదు. స్మోక్ మెషిన్ తెచ్చి ఇన్‌టేక్‌లోకి, అంటే ఇంజిన్‌కు గాలి వెళ్ళే దారిలోకి, పొగ వదిలారు. నేనూ వెళ్ళాను, నాకొక ప్లాస్టిక్ స్టూలు వేశారు. బ్లో-ఆఫ్ వాల్వ్‌కు మానిఫోల్డ్ (ఇంజిన్ సిలిండర్లకు గాలి పంచే గొట్టం) నుంచి వెళ్ళే సన్నటి ట్యూబుకు ఒక టీ-జాయింటు ఉంది. దాని అడుగు నుంచి పొగ సన్నగా పైకి లేచింది. అక్కడ క్లాంపే లేదు. ఐడిల్‌లో మానిఫోల్డ్ గాలిని పీల్చుకుంటుంది కాబట్టి, సెన్సర్ చూడని గాలి ఆ సందులోంచి లోపలికి పోతోంది. రేజ్ చేస్తే అసలు గాలి పెరిగి, ఈ దొంగ గాలి అందులో కొంచెమే అవుతుంది. బూస్ట్‌లో లోపలి ఒత్తిడి బయటికన్నా ఎక్కువ, సెన్సర్ కొలిచేసిన గాలి అదే సందులోంచి బయటికి పోతుంది, గాలికి పెట్రోలు ఎక్కువై రిచ్ అవుతుంది. అందుకే మైనస్ 6. కొత్త ట్యూబు వేసి, క్లాంపులు బిగించి, "ఇప్పుడు చెరుపు" అన్నాడు అణ్ణ. వీడు కోడ్ చెరిపేశాడు. మళ్ళీ తోలి చూస్తే ఐడిల్‌లో లాంగ్ ప్లస్ 2 దగ్గర ఆగింది.

కార్లోనే నెల్లూరు వెళ్ళాం. భోగి మంట వేళకు లేపితే లేవలేదు. అరిసెలు తిన్నాడు. అమ్మమ్మతో కూర్చున్నదానికన్నా మా తమ్ముడి ట్రాక్టరు దగ్గర నిలబడిందే ఎక్కువ. మా అమ్మ ఏమీ అనుకోలేదు, అనుకున్నదంతా నేనే.

పిల్లలకు ఇష్టమైన దాంట్లోకి పెద్దవాళ్ళే దిగి వెళ్ళాలని నేను ఆఫీసులో తోటి తల్లులకు పెద్దరికంగా చెబుతుంటాను. వెళ్ళాను కదా, ఫోన్ పట్టుకుని అంకెలు చదివాను కదా. కానీ వాడికోసం వెళ్ళానా, బదులుగా పండక్కి లాక్కుపోవచ్చని వెళ్ళానా? రెండూ కలిసే ఉన్నాయి, విడదీయమంటే నావల్ల కాదు. పనిలో అడ్డదారి తొక్కకూడదని నేను చిన్నప్పటినుంచీ చెవిలో జోరీగలా చెబుతూనే ఉన్నాను. అణ్ణ దగ్గర ఒక్క క్లాంపుతో నేర్చుకున్నాడు. నా మాట కూడా ఎక్కడో పనిచేసి ఉంటుందని అనుకోవాలని ఉంది. అనుకోవడానికి ఆధారం మాత్రం లేదు.

మొన్న పెద్ద ఇంజెక్టర్లు, అంటే పెట్రోలు చిమ్మే ముక్కులు, కావాలన్నాడు. కుదరదన్నాను, 52వ సెక్షన్ మళ్ళీ మొదటినుంచీ చదివాను. చదివాక, వాటి డెడ్ టైమ్ (సిగ్నల్ అందాక తెరుచుకోవడానికి పట్టే వ్యవధి) లెక్కలు కంపెనీవాళ్ళు ఇస్తారా, లేకపోతే ఐడిల్‌లో ట్రిమ్ మళ్ళీ తప్పుతుందేమో కనుక్కోమన్నాను. రేటెంతో కూడా అడిగాను.