కూలర్ మోసుకొచ్చాను, ఏం లాభం

రామగుండంలో నాలుగు వేసవులు గడిపినవాడిని, నాకు ఎండలు కొత్తా అనుకుంటూ మే నెలలో విశాఖ వచ్చాను. ఫోన్‌లో చూస్తే 35 డిగ్రీలే. అక్కడ 44, 45 చూసినవాడికి ఇదో లెక్కా! స్నానం చేసి తుడుచుకుంటుంటేనే మళ్లీ చెమట, చొక్కా వేసుకున్న ఐదు నిమిషాలకే వీపుకి అతుక్కుపోయింది. అక్కడ వడగాలి మొహం మాడ్చేస్తుంది, పెదాలు పగులుతాయి, నిజమే, కానీ పొడిగాలికి చెమట ఎప్పటికప్పుడు ఆరిపోతుంది, చెట్టు నీడకి వెళ్తే ప్రాణం లేచొస్తుంది. ఇక్కడ నీడైనా అంతే, రాత్రయినా అంతే. సముద్రం పక్కన గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే ఇక మన చెమట ఆరేదెలా? సామాన్లతో పాటు మోసుకొచ్చిన కూలర్ ఆన్ చేస్తే గది ఇంకా జిగటగా తయారైంది. పక్కింటి పిన్నిగారు చూసి ఒకటే నవ్వు, "నీళ్లు తీసేసి ఉత్త ఫ్యానులా వాడుకో బాబూ, కిటికీలన్నీ తెరువు" అన్నారు. తెరిచాను. కాస్త నయం. సాయంత్రం బీచ్‌లో వీచే గాలి మాత్రం, ఒప్పుకోవాలి, రామగుండంలో ఎంత డబ్బు పెట్టినా దొరకదు. ఇంటికొచ్చి చూస్తే డబ్బాలో ఉప్పు కూడా నీరుగారిపోయింది, నాలాగే.