నాగావళి మీద రైలు వంతెన

శ్రీకాకుళం ఊళ్లోకి రైలు రాదు. స్టేషన్ సుమారు 13 కిలోమీటర్ల దూరంలో ఆమదాలవలసలో ఉంది. బోర్డు మీద మాత్రం శ్రీకాకుళం రోడ్ అని రాస్తారు. అందుకే నా లెక్కలో ఈ పట్టణానికి సింహద్వారం దూసి స్టేషన్ దాటగానే వచ్చే నాగావళి వంతెనే.

ఆ వంతెన కోసమే మొన్న విజయనగరంలో పాసింజర్ ఎక్కాను. నెల్లిమర్ల దాటాక చంపావతి నది వచ్చింది. ఆ తర్వాత చీపురుపల్లి, పొందూరు. వాలుగ చేప దవడతో పత్తి శుభ్రం చేసి సన్న ఖద్దరు నేసే ఊరది. దిగి చూడాలనిపించింది కానీ ఆగలేదు.

దూసి దాటాక తలుపు దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. రైలు వంతెన ఎక్కగానే చక్రాల చప్పుడు మారిపోయింది. కింద సగం ఇసుక, సగం నీళ్లు. పక్కన బుట్టతో కూర్చున్న పెద్దామె అడిగింది: "ఏటి బాబూ, వంతెనకి ఫొటోలు తీత్తన్నావు?"

ఇష్టమని చెప్పాను. "వరదొత్తే మేం ఆ స్తంభాలే సూత్తాం. నీళ్లు ఎందాకా ఎక్కితే అంత బయం" అంది.

ఆమె మాట నిజం. ఇక్కడ చినుకు పడకపోయినా ఒడిశా కొండల్లో కురిస్తే చాలు, నాగావళి పొంగుతుంది.

ఈ వంతెన ఉన్న లైనును విజయవాడ నుంచి కటక్ దాకా ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే వేసింది 1893, 1896 మధ్య. గోదావరి మీద హేవలాక్ వంతెన తెరుచుకున్నది 1900లో. ఇలాంటి ఇసుక నదుల్లో స్తంభాలకు బావి పునాదులు వేస్తారు. గుండ్రటి బావి గోడ కట్టి, లోపలి ఇసుక తోడుతూ పోతే అది తన బరువుకే గట్టి నేల దాకా దిగుతుంది. పల్లెల్లో ఒరల బావి దించినట్టే. తర్వాత అడుగున కాంక్రీటు పోసి మూసి, పైన స్తంభం లేపుతారు.

హేవలాక్ వంతెన మీద 1997లో రైళ్లు ఆగిపోయినా రాజమండ్రి వాళ్లు దాన్ని ఊరి గుర్తుగా గర్వంగా చూపిస్తారు. రోజూ ఇన్ని రైళ్లను మోస్తున్న నాగావళి వంతెన గురించి మనం పిల్లలకు ఒక్క మాటా చెప్పం. ఇది నాకు నిజంగా బాధగా ఉంది. స్టేషన్‌లో ఒక ఫొటో, నాలుగు వాక్యాల చరిత్ర పెట్టినా చాలు.

చూడాలనుకునేవాళ్లు పగటిపూట పాసింజర్‌లోనే వెళ్లండి. నిండు ఏరు కావాలంటే వానాకాలంలో, స్తంభాలు కిందిదాకా కనబడాలంటే ఎండాకాలంలో.