అడ్మిషన్ ఫారంతో పాటు టీకా కార్డు

మా డేకేర్‌లో అడ్మిషన్ కాగితాలు చూసేది నేనే. టీకా కార్డు అడగగానే కొందరి ముఖం మారిపోతుంది. "అన్నీ వేయించామండీ, కార్డే ఎక్కడో ఉంది" అంటారు. వాళ్ల మీద నమ్మకం లేక కాదు నేను అడిగేది. మా దగ్గర ఆరు నెలల పసివాళ్లు కూడా ఉంటారు. తట్టు టీకా మొదటి డోసు మామూలుగా 9 నెలలకో, ఏడాది నిండాకో వేస్తారు. అప్పటిదాకా వాళ్లకు రక్షణ, పక్కన ఆడుకునే పెద్ద పిల్లలు వేయించుకున్న టీకాలే.

జ్వరమొస్తే ఇంట్లోనే ఉంచుతాం కదా అంటారు. తట్టు విషయంలో అది చాలదు. దద్దుర్లు కనబడటానికి 4 రోజుల ముందు నుంచే అంటుకుంటుంది. ఆ బిడ్డ గదిలోంచి వెళ్లిపోయాక కూడా వైరస్ 2 గంటల వరకు గాలిలో ఉండగలదు. అందుకే నూటికి 95 మందికి రెండు డోసులూ పడాలంటారు.

మొన్న ఒకావిడ తెచ్చిన కార్డు మడత దగ్గర చిరిగి ఉంది, ఒక తేదీ తడిసి అలుక్కుపోయింది. ఇంకో డోసు గడి ఖాళీ. "మళ్లీ మొదటి నుంచీ వేయించాలా?" అని పాపం చాలా టెన్షన్ పడింది. అక్కర్లేదు, చాలా టీకాలకు ఆగిన చోటు నుంచే కొనసాగిస్తారు. ఆ మాట వినగానే ఆవిడ ఊపిరి పీల్చుకుంది.

క్యాన్సర్‌కు కీమో తీసుకుంటున్న పిల్లలకు తట్టు టీకా లాంటి లైవ్ టీకాలు (బలహీనపరిచిన బతికున్న క్రిమితో చేసినవి) వేయరు. వాళ్లకు డాక్టరు ఉత్తరం చాలు. మిగతావాళ్లు, కార్డు రెండు వైపులా ఇవాళే ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.